లిఫ్టర్లలో నూనె

మిర్యాలగూడలో నరసయ్య షావుకారు రైస్ మిల్లు ఆ సాయంత్రం నుంచీ ఆగే ఉంది. ఇంజను మేస్త్రీ సత్యానందం వాల్వుల కడ్డీలు ఊడదీసి గోనెపట్టా మీద పరిచాడు. ఊరు మాటుమణిగింది. అప్పుడు వినిపించింది, సన్నగా, టక్ టక్ అని.

"ఇంజను బందువెట్టినవ్ గద మేస్త్రీ, ఇంకా కొట్టుకుంటున్నదేంది?" అంది కాపలా పెంటమ్మ.

"ఇనుము సల్లవడుతున్నదక్కా. జరసేపైతే సర్దుకుంటది."

ఆ మాట అన్నాక అతనికి పాత సంగతి గుర్తొచ్చింది. నాలుగేళ్ల కిందట, యుద్ధంలో విమానాల ఇంజన్లు బాగుచేసే రోజుల్లో, షెడ్డులోనూ ఇదే మాట అన్నాడు. వాల్వును లేపే లిఫ్టర్లలోంచి నూనెంతా పిండేశాకే వాల్వు దగ్గరి సందు కొలవాలి. నూనె ఉంటే కొలత అబద్ధం చెబుతుంది. ఆ రోజు తొందరలో పిండకుండానే కొలిచి సంతకం పెట్టాడు. ఇంజను టక్ టక్‌మంటుంటే పైలట్ అనుమానంగా చూశాడు. వేడెక్కితే సర్దుకుంటదని చెప్పి పంపించాడు. ఆ విమానం తిరిగి రాలేదు.

సత్యానందం ఇంజను మీద చెయ్యి వేశాడు. అది ఎప్పుడో చల్లారిపోయింది. చెవి ఆనించాడు. లోపల ఏ అలికిడీ లేదు.

"గాడ కాదు మేస్త్రీ." పెంటమ్మ లాంతరు పట్టుకుని వాకిట్లోకి నడిచి తలెత్తి చూసింది. "మీదికెల్లి వస్తున్నది."

మబ్బు పట్టిన ఆకాశంలో ఆ చప్పుడు మిల్లు చుట్టూ తిరుగుతోంది. తిరిగిన ప్రతిసారీ కాస్త కిందికి దిగుతోంది.

"దీపం ఆర్పక్కా!" అన్నాడు సత్యానందం.

"అయ్యో పాపం, దిగనీకి జాగ దేవులాడుతున్నట్టున్నరు," అంటూ పెంటమ్మ లాంతరు పైకెత్తింది.