ముగ్గురికే తెలిసిన ఇల్లు

“నేనేమీ చూడలేదండి,” అన్నది బోనులో నిలబడిన సాక్షి.

ప్రభుత్వ వకీలు ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. “చూడలేదంటే ఎలాగమ్మా? నువ్వు బట్టలు కుట్టే కొట్టుకు ఎదురుగానే కదా గోడౌను! వాచ్‌మన్‌ను ఇనుప కడ్డీతో కొట్టి చంపడం కళ్లారా చూశానని పోలీసులకు చెప్పావు. సంతకం కూడా పెట్టావు.”

“అప్పుడు సూదిలోకి దారం ఎక్కించుకుంటున్నానండి. తలెత్తలేదు.”

ముద్దాయి స్థానంలో కూర్చున్న గోడౌను యజమాని తీరిగ్గా ఆవులించాడు. ఊళ్లో చిన్నా పెద్దా అందరికీ అతడు ‘బాబాయి’. ఆ వరస కలపకుండా అతణ్ణి పిలిచే ధైర్యం ఎవరికీ లేదు.

న్యాయమూర్తి కలం కింద పెట్టారు. చూసిన మనిషి ఈమె ఒక్కతే. ఈమె చూడలేదంటే కేసు లేదు.

ఎనిమిది నెలల క్రితం బాబాయి బెయిలు అడిగితే నిరాకరించినది ఆయనే. అప్పట్లో ఎవరో ఈమె కొట్టుకు వచ్చి, గౌను కుట్టమని గుడ్డా, కొలతల కాగితమూ ఇచ్చి వెళ్లారు. అవి ఈమె కూతురి కొలతలే, అంగుళం తేడా లేకుండా. “కొలతలు కూడా బెదిరింపేనా? ఆమెకు భయమన్నది వట్టి బూటకం!” అని ముద్దాయి వకీలు ఎద్దేవా చేశాడు. న్యాయమూర్తి, ప్రభుత్వం సీలు కవరులో సమర్పించిన నివేదికను ఆసాంతం చదివి, ఇరవై రెండు పేజీల ఉత్తర్వుతో ఆ వకీలు నోరు మూయించారు. నియమం ప్రకారం ఒక నకలు ఆ సాయంత్రమే జైలుకు పంపించారు. పై కోర్టులోనూ ఆ ఉత్తర్వు చెక్కుచెదరలేదు. కొత్తగా చేరిన మేజిస్ట్రేట్లు దానిని అడిగి తీసుకొని చదువుకొనేవారు.

“హాలు ఖాళీ చేయించండి,” అన్నారు న్యాయమూర్తి. “ముద్దాయిని కూడా బయట కూర్చోబెట్టండి.”

తలుపులు మూసుకున్నాయి. ఇద్దరు వకీళ్లు, స్టెనో, సాక్షికి కాపలాగా వచ్చిన కానిస్టేబులు మాత్రం మిగిలారు.

“అమ్మా, అతడు జైల్లోనే ఉన్నాడు. నేను వదలలేదు. ఇంకా దేనికి భయం?”

“భయం లేదయ్యా.”

“ఎవరైనా ఇంటికి వచ్చారా?”

“లేదయ్యా.”

“ఫోను చేశారా?”

“లేదయ్యా. ఒక ఉత్తరం వచ్చిందంతే.”

“ఎక్కడికి?”

“ఇప్పుడుంటున్న ఇంటికే. మా అక్కావాళ్లింటికి.”

న్యాయమూర్తి ముఖం కందగడ్డ అయింది. “ఆ ఇల్లు తెలిసినది ముగ్గురికే!” ఆయన వేళ్లు మడిచారు. “మీ అక్క. ఆమె చెప్పదు. ఇక వకీలు గారు...”

“మా ఆవిడతో కూడా అనలేదండి,” అన్నాడు ప్రభుత్వ వకీలు కంగారుగా. “ఆవిడతో అంటే దండోరా వేసినట్టే.”

మూడో వేలు కానిస్టేబులు వైపు తిరిగింది. స్టెనో తలెత్తి ఏదో అనబోయి, మళ్లీ పుస్తకంలోకి దించుకున్నది.

“నేను కాదు సార్,” అన్నాడు కానిస్టేబులు. “ఎవడైనా వెంటపడతాడేమోనని రోజూ చుట్టూ తిరిగి వెళ్తున్నాను. నా మోకాళ్లనడగండి, చెప్తాయి.”

“వేళాకోళమా? కంచే చేను మేస్తే ఇంకెవరికి చెప్పుకోవాలి? స్టెనో, రాసుకోమ్మా. సాక్షి చిరునామాను ద్రోహబుద్ధితో వెల్లడించిన ఈ కానిస్టేబులును తక్షణమే విధులనుండి తొలగించి...”

పెన్సిలు కదలలేదు.

“వినబడలేదా?”

“వినబడింది సార్,” అన్నది స్టెనో నెమ్మదిగా. రాయడం మొదలుపెట్టింది.

కానిస్టేబులు టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. “ఇంకా రెండేళ్లే సర్వీసుంది సార్,” అన్నాడు.

“అన్నయ్యనేమీ అనకండయ్యా!” సాక్షి బోను అంచు పట్టుకున్నది. “పిల్లకు జ్వరమొస్తే ఆస్పత్రికి మోసుకెళ్లింది ఆయనే. ఆయన చెప్పలేదు.”

“మరెవరు చెప్పారు?”

ఆమె తల దించుకున్నది. “నా నోటితో అనలేనయ్యా. పెద్దవారు.”

“ఎంత పెద్దవారైనా సరే, చట్టం ముందు చిన్నవారే. చెప్పు.”

ఆమె సంచిలోనుంచి కొలతల టేపు తీసి పక్కన పెట్టింది. దాని అడుగునుంచి ఒక కవరు తీసింది. “ఇదేనయ్యా. ఇందులో బెదిరింపు ముక్క ఒక్కటీ లేదు. మా అక్క చేత రెండుసార్లు చదివించుకున్నాను. ఉన్నవన్నీ నిజాలే.” కవరు న్యాయమూర్తికి అందించింది. “మీరు మా మంచికే చేశారని తెలుసయ్యా. కానీ నాకున్నది ఒక్కతే పిల్ల.”

చివరి మాటలు ఆయన చెవికి పూర్తిగా ఎక్కలేదు. అప్పటికే కళ్లద్దాలు సరిచేసుకొని కాగితం మడత విప్పుతున్నారు. టైపు చేసిన ఒకే ఒక పేజీ. నడుమ ఒక వాక్యం కింద ఎర్ర పెన్సిలు గీత ఉన్నది.

‘సాక్షి తన నివాసమును విడిచి, పాత మిల్లు వెనుక మూడవ సందులో నీలపు తలుపు గల తన అక్క గృహమున తలదాచుకొనుటయు, కుమార్తెను పేరు మార్చి ఆ సందు చివరి పాఠశాలలో చేర్పించి, ప్రతిదినము సాయంత్రము నాలుగు గంటలకు తానే వెంటబెట్టుకొని వచ్చుచుండుటయు, ఆమె భయము బూటకము కాదనుటకు తిరుగులేని నిదర్శనములు.’

వాక్యంలో ఒక్క తప్పు లేదు. ఉండే వీలూ లేదు. పేజీ అడుగున ఉన్న సంతకం ఆయనదే.