పోయేటప్పుడు దగ్గర, వచ్చేటప్పుడు దూరం

చెరువు ఎండిపోతోంది. కొండ అవతలి సరస్సు ఎంత దూరమో చూసి రమ్మని పక్షులన్నీ గోరింకను పంపాయి. అది తిరిగొచ్చి, రొప్పుతూనే గంతులేసింది.

"ఎన్ని నీళ్లో! ఎన్ని చేపలో! పోయేటప్పుడు ఇలా ఎగిరానో లేదో, అలా వాలాను. వచ్చేటప్పుడు మాత్రం పూటంతా పట్టింది."

ముసలి కొంగకు ఒళ్లు మండింది. "ఒకే దారి ఓసారి దగ్గర, ఓసారి దూరం ఎలా అవుతుందే? అది తేలేదాకా ఎవరూ కదలొద్దు!"

పంచాయితీ మొదలైంది. సగం పక్షులు దగ్గరన్నాయి, సగం దూరమన్నాయి.

కొత్తగా ఎగరడం నేర్చిన పిల్లల్ని వెంటేసుకుని తల్లి బాతు గోరింక పక్కకు చేరింది.

"వచ్చేటప్పుడు గాలి ఎటు తగిలింది తల్లీ?"

"మొహం మీదే పిన్నీ! ఇంకా అలాగే వీస్తోంది చూడు."

"అయితే అటు పోయేవాళ్లకి వీపు మీద! లేవండర్రా!"

బాతు పిల్లలు కేకలు పెడుతూ లేచాయి. కాసేపటికే సరస్సులో బుడుంగున మునిగాయి.

"అమ్మా, ఇంత దగ్గరా!"

"ఇవాళ్టికి దగ్గర" అంది తల్లి.

ఇక్కడ సాయంత్రానికి పంచాయితీ తేలింది. సరస్సు దగ్గరేనని కొంగ తీర్పు చెప్పింది. పక్షులన్నీ హుషారుగా రెక్కలు విప్పి లేచాయి. అప్పటికే గాలి తిరిగింది. వాటి మొహాన కొట్టింది.