అమ్మల గ్రూపులో మగగొంతు

“పద్మని ఈ రోజే తీసెయ్, నవీనా. లేదంటే మేమందరం వెళ్లిపోతాం” అంది ఫోన్‌లో సాయి ప్రియ.

న్యూజీలాండ్‌లో ఉన్న తెలుగు అమ్మల కోసం నవీన నడిపే ఫేస్‌బుక్ గ్రూపు అది. పిల్లలకి ఏదో ఒక తిండి పడక అవస్థపడే తల్లులే అందులో ఉంటారు. ఆ ఉదయం వీడియో మీటింగులో, కెమెరా ఆపేసి ఉన్న పద్మ పేరు వెనక నుంచి ఉన్నట్టుండి మగగొంతు వినిపించింది. “పెదవులు వాచలేదు కదా తల్లీ? ఏదీ, చూపించు.” మరుక్షణం ఆ పేరు మాయమైంది.

“పాలివ్వడం దగ్గర్నుంచి అత్తల మీద కోపాల దాకా అన్నీ రాసుకున్నాం. అవన్నీ ఆ మనిషి చదివాడు! భార్య మీద నిఘా కాకపోతే ఏంటది?” అంది సాయి ప్రియ మళ్లీ.

నవీన భయం వేరు. టౌరంగాలో ఉండే పద్మని ఆమె ఎప్పుడూ కలవలేదు. కానీ రెండేళ్ల కిందట తన కొడుకు జీడిపప్పు తిని ఆస్పత్రి పాలైనప్పుడు, రోజంతా మెసేజులు పెడుతూ ధైర్యం చెప్పింది పద్మే. అలాంటి మనిషి ఇంట్లో నోరెత్తలేకుండా ఉందేమో!

ఆక్లాండ్‌లో టకానిని రైల్వే స్టేషన్ బయట కారులో కూర్చుని పద్మ నంబరుకి ఫోన్ చేసింది. ఎత్తింది మగగొంతే.

“దామోదర్‌నండీ. పద్మ భర్తని.”

“ఫోన్ ఆవిడకివ్వండి. నేను ఆవిడతోనే మాట్లాడాలి.”

అతను ఇవ్వలేదు. “తప్పు నాదేనండీ. గ్రూపులోంచి తీసేయండి. కానీ ఒక్క వారం ఆగండి, చాలు. పాపకి ఏది పడుతుందో, ఏది పడదో పద్మ అందులో రాసినవన్నీ చూసి నోట్‌బుక్‌లో రాసుకుంటున్నా. సగమే అయింది. కివీ పండ్ల ప్యాకింగులో షిఫ్టులు చేసుకుంటూ ఇవేవీ పట్టించుకోలేదు నేను. నువ్వులు పడవని మొన్ననే చదివా.”

నవీనకి ఒళ్లు మండింది. “కట్టుకున్న భార్య రాతలు దొంగచాటుగా చదవడమేంటండీ? నోరు తెరిచి ఆవిణ్ణే అడగొచ్చుగా!”

అవతల పాప ఇంగ్లీషులో ఏదో అడుగుతోంది. తలుపు మూసిన చప్పుడైంది.

“పద్మ పోయి ఐదు నెలలైందండీ” అన్నాడు.