మడిగుర

"మడిగుర!" అంటూ హాలు దద్దరిల్లింది.

మహారాష్ట్ర అంచున ఉన్న సిరొంచలో సోముకు సన్మానం. ఆరు నెలలుగా అతని రాక్షసుల కథ ఫోన్లలో వారం వారం వస్తోంది. లక్షమంది వింటున్నారు. కథకన్నా సోము పుట్టించిన రాక్షస భాష అంటేనే జనానికి పిచ్చి. మడిగుర అంటే ఆ భాషలో జయం. కుర్రకారు టీషర్టుల మీద కూడా వేయించుకున్నారు.

బడిలో మరాఠీ చెప్పే గణపతి సార్‌కు మాత్రం నమ్మకం కుదరలేదు. "ఇవన్నీ అడివిల గోండి మాటలే. ఏరుకొచ్చి మనకు అంటగడుతుండు" అన్నాడు.

అడవిలోని పెర్మిలి నుంచి వచ్చిన కొండయ్య లేచాడు. ఆయన పుట్టి పెరిగింది గోండిలోనే. "మావి కావు సారూ. ఒక్కటి సుత కాదు. మీ మరాఠీవేమో నువ్వే చూస్కో."

మరాఠీ కూడా కాదని గణపతి సార్ ఒప్పుకున్నాడు.

"మరి యాడికెళ్లి వస్తయన్నా గిన్ని మాటలు?" కాలేజీ పిల్ల ప్రియాంక అడిగింది.

"పొద్దుగాల చాయ్ తాగుకుంట నోట్‌బుక్ పట్టుకొని కూసుంటా. వస్తనే ఉంటయ్. అంతా మా అమ్మ దయ."

ఇంత పేరొచ్చినా తల్లిని మరవలేదని ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు. మురిసిపోవడానికి జనానికి ఎంత కావాలి గనక!

శాలువా ఇంకా భుజం మీదే ఉంది, కథ వేసే కంపెనీ నుంచి ఫోన్. సోమవారం పెద్ద యుద్ధం, ఇరవై కొత్త మాటలు కావాలి, లేకుంటే కథ ఆపేస్తామన్నారు. సోము గబగబా ఇంటిదారి పట్టాడు. ఈ మధ్య మాటలు రావడం తగ్గింది. పోయిన వారం నాలుగే. అవీ మామూలు తెలుగుకు దగ్గరగా ఉన్నాయి. రాక్షసుల నోట పెడితే నవ్విపోతారు.

ఇల్లు చేరేసరికి చెల్లెలు ఆశ గడపలోనే ఎదురొచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"అన్నా, జల్ది రా! నీ చెవులతోని నువ్వే ఇను."

సోము ఆత్రంగా నోట్‌బుక్ అందుకుని లోపలికి ఉరికాడు.

పక్షవాతం వచ్చి మాట చెదిరిపోయిన ఏడు నెలల నుంచీ కుండ వైపు చెయ్యి చూపిస్తూ "మడిగుర, మడిగుర" అని ఏడ్చే తల్లి పోశమ్మ, ఇవాళ "నీళ్లు, కొడుకా" అని తేటగా అనగానే, సోము నోట్‌బుక్ మూసేసి, ఆమెకు మాట నేర్పుతున్న నర్సమ్మకు ఫోన్ చేసి రేపటినుంచి రావద్దన్నాడు.