రమ్లా మేడ మీద నెలవంక

"కనపడిందా, ఫర్తూనా?" రమ్లా ఊళ్లో మా ఇంటి మేడ నా భుజం పట్టుకుని ఎక్కిన మా ఆయన మురాద్ అడిగాడు.

ఇద్దరం యూదులమే. మా పుట్టింటివాళ్లది అచ్చేసిన క్యాలెండరు. ఆయన వాళ్లు కరైయులనే వేరే శాఖ, కంటికి నెలవంక కనపడితేనే నెల పుట్టినట్టు. అందుకే ఆ నెల పదోనాటి పెద్ద ఉపవాసం నాకొకరోజు, ఆయనకు మర్నాడు. ఒకరు పస్తుంటే రెండోవాళ్లకు ముద్ద దిగదు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఇద్దరమూ రెండు రోజులూ మాడుతున్నాం.

ఇప్పుడాయనకు చక్కెర జబ్బు. రెండు రోజుల పస్తుకి మనిషి దక్కుతాడా అని నాకు ఒకటే గుండెదడ. ఈ సాయంత్రమే నెలవంక కనపడితే ఇద్దరి ఉపవాసమూ ఒకే రోజు పడుతుంది. కళ్లకు శుక్లాలు కమ్మి కంచంలో చిక్కుడు గింజలు కూడా తడుముకుంటున్నాడు.

"మాట్లాడవేమే? నీ క్యాలెండరుకి ఎప్పుడూ తొందరే."

"మీ చంద్రుడికి ఎప్పుడూ బద్ధకమే," అన్నాను.

పడమటంతా వెతికాను. ఏమీ లేదు.

"అదుగో, కనపడింది," అన్నాను.

"ఒక్కళ్లు చూస్తే చాలదే. ఇద్దరు సాక్షులుండాలి," అన్నాడాయన.

నేను పడమటికేసే చూస్తున్నాను.

ఆయన తలెత్తి తూర్పుకేసి చూశాడు.

"నాకూ కనపడింది. పద, దిగుదాం."