నావికుడి ఇల్లు

"నావికుడు చచ్చిపోలేదండీ," అన్నాడు గోడవారగా కూర్చున్న మనిషి.

టీవీ ముందున్న వాళ్ళంతా వెనక్కి తిరిగారు. కళ్ళు తుడుచుకుంటున్న సత్యవేణి చేయి మధ్యలో ఆగిపోయింది. ఆదివారాలు వస్తున్న 'తారాయాత్ర' అంటే ఆ వీధికి ప్రాణం. ఆ సాయంత్రమే అంతరిక్ష నౌకకు నిప్పంటుకుని, అందరికీ ఇష్టమైన నావికుడు మంటల్లో చిక్కుకున్నాడు.

"అదేంటండీ, కాలిపోవడం మేమంతా చూసేం కదా," అంది పక్కింటి దీనమ్మ టీచరు.

"మంటల్ని చూసేరు. మనిషిని చూడలేదు కదండీ. ఆయన కథతో మస్కట్‌లో వేరే సీరియలే వస్తోందండి. దీన్లోంచి పుట్టిందే. నేను చూసేను."

అతని పేరు సాలమోను అట. అంబాజీపేటలో లారీలకు కొబ్బరికాయలెత్తే పనిలో కొత్తగా చేరాడట. ముఖానికి ఎప్పుడూ తువ్వాలు చుట్టుకునే ఉంటాడు. కనిపించినంత మేరా చర్మం కాలి ముడుచుకుపోయి ఉంది. గొంతు ఏ బావిలోంచో వస్తున్నట్టు ఉంటుంది. టీవీ ఉన్న ఇల్లేదని అడుగుతూ ఏరు దాటి వచ్చాడు. ఊళ్ళో టీవీ ఆ ఒక్క ఇంట్లోనే ఉంది. ఎవరొచ్చినా కాదనరు.

ఆ టీవీ సత్యవేణి భర్త బంగారయ్య మస్కట్ నుంచి తెచ్చింది. పెళ్ళయిన నెలకే వెళ్ళి, చాలా ఏళ్ళు అక్కడే ఉండిపోయి, ముందటేడు తిరిగొచ్చాడు. ఈలోగా కొడుకుని చూసుకోకుండానే అతని తల్లి పోయింది. చిక్కిపోయి, జుట్టు పలచబడి, మాట తగ్గిపోయి వచ్చిన బంగారయ్యను చూసి, ఎడారి మనిషిని మార్చేస్తుందని అందరూ అనుకున్నారు. ఇప్పుడు సత్యవేణి చంకలో ఏడాది పిల్ల.

తర్వాతి ఆదివారం సాలమోను మళ్ళీ వచ్చాడు. సీరియల్ అయిపోయినా ఎవరూ లేవలేదు.

"అసలుదాని పేరు చెప్పి తీసే పిల్ల సీరియల్ ఏం బావుంటుందండీ?" అంది దీనమ్మ. ఆవిడకు ఎవర్నీ ఊరికే నమ్మే అలవాటు లేదు.

"ఇది వేరేనండి. ఇందులో యుద్ధాల్లేవు. ఊరూ పేరూ తెలీని గ్రహం మీద, ఆస్పత్రిలో ఒక మనిషి. ముఖం లేదు, గొంతు లేదు. ఇంటికెళ్ళాలి. అంతేనండి కథ."

"వెళ్ళేడా?" అంది సత్యవేణి ఆత్రంగా.

అంతలో కరెంటు పోయింది. ముసురు పట్టిన సాయంత్రం, గది ఒక్కసారిగా నల్లబడింది. పిల్లలు అరిచారు. సాలమోను లేచి, చీకట్లోనే వంటింటి గుమ్మం తల వంచుకుని దాటి, లాంతరు వెలిగించి తెచ్చి ముందు పెట్టాడు. ఆ గుమ్మం మరీ పొట్టిది. బంగారయ్య నుదురే ఇంకా దానికి తగులుతూ ఉంటుంది. సత్యవేణి ఎందుకో పిల్లను దగ్గరికి లాక్కుంది.

"వెళ్ళేడండీ," అన్నాడు అతను, ఏమీ జరగనట్టు. "గుమ్మంలో నిలబడ్డాడు. ఎవరూ గుర్తుపట్టలేదు."

"ఇంటావిడ కూడానా?" దీనమ్మ నవ్వింది. "నేనైతే నడక చూసి పోల్చేస్తాను."

"పోయేడనుకున్నా పోల్చేవారేమోనండి. ఆవిడ అలా అనుకోలేదు మరి."

"అంటే?"

అప్పుడే పొలం నుంచి వచ్చిన బంగారయ్య వీధి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి వింటున్నాడో తెలియదు.

"మస్కట్‌లో నేనూ ఉన్నాను," అన్నాడు. "అలాంటి సీరియల్ రాలేదే?"

"మీరొచ్చేసేక మొదలయిందండి."

లాంతరు వెలుగులో ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. బంగారయ్య కాళ్ళు కడుక్కోకుండానే లోపలికి వెళ్ళిపోయాడు. ఆ పూట అన్నం ముట్టలేదు.

"ఆ మనిషిని ఇంక రానివ్వకు," అన్నాడు పొద్దున్నే. ఎందుకని అడిగితే, "చెప్పేను కదా," అని మాత్రం అన్నాడు. అతని గొంతులో కోపం లేదు. భయం ఉంది. చెడేదో గుమ్మం దాకా వచ్చిందని, అది భర్తను పట్టుకుపోవడానికే వచ్చిందని సత్యవేణికి అనిపించింది. వారమంతా పిల్లను ఒళ్ళోంచి దింపలేదు.

ఆదివారం సాలమోను వచ్చాడు. మూసి ఉన్న తలుపు చూసి, ఒక్క క్షణం ఆగి, వెనుదిరిగాడు. కిటికీలోంచి చూసిన సత్యవేణి ఉండబట్టలేకపోయింది. భయం ఒక పక్క, కథ చివరికి ఏమైందో తెలియకపోవడం ఒక పక్క. పిల్లను ఎత్తుకుని రేవు దాకా పరుగులాంటి నడకతో వెళ్ళింది.

పడవ బయల్దేరబోతోంది. ఏటి మీద మంచులాంటి తుంపర. అవతలి గట్టు కనిపించడం లేదు.

"ఏవండీ, ఆవిడ ఎందుకు గుర్తుపట్టలేదు? అదొక్కటీ చెప్పి వెళ్ళండి."

సాలమోను ఆమె వైపు కాక, పిల్ల వైపు చూశాడు.

"నౌక తగలబడ్డప్పుడు నావికుడి కాగితాలూ, స్నేహితుడి కాగితాలూ తారుమారయ్యేయండి. ఇద్దరూ ఒకే పోలిక. స్నేహితుడికి వెనకా ముందూ ఎవరూ లేరు. నావికుడు పోయేడనుకుని, ఆయన పేరు మీద ఆ ఇంటికి చేరిపోయేడు. అందుకని ఆవిడకి ఎదురుచూపు తీరిపోయింది."

"అయ్యో! మరి నావికుడు నిజం చెప్పెయ్యొచ్చు కదండీ!"

"చెబ్దామనే వచ్చేడండి. ఇంట్లో పాపాయి ఉంది. ఆ మనిషి కూడా ఇంటిని బాగానే చూసుకుంటున్నాడు. కాసేపు కూచుని, కళ్ళారా చూసుకుని లేచి వచ్చేసేడు. అయిపోయిందండి."

"ఇదేం ముగింపండీ?" అంది సత్యవేణి.

అతను పడవెక్కాడు. పడవవాడు గెడ వేయగానే పడవ గట్టు వదిలింది. తుంపరలోకి జరిగిపోతూ మొదటిసారి ముఖం మీది తువ్వాలు తీశాడు.

"వాన పడుతోంది. ఇంటికెళ్ళు, చిలకమ్మా."

మస్కట్ వెళ్ళకముందు బంగారయ్య ఒక్కడే ఆమెను అలా పిలిచేవాడు.