రెండో పట్టు

కండక్టరమ్మ కప్పును తెచ్చి బహుమతుల బల్ల మీద ఠంగుమని పెట్టింది.

"ఇది మాకొద్దు. ఎవరిదో వాళ్ళకే ఇచ్చుకోండి," అంది.

డ్రిల్లు మాస్టారు గబుక్కున మైకును చేత్తో మూశాడు. మూసి లాభం లేదు. కిక్కిరిసిన బస్సులో వెనక తలుపు దగ్గర నిలబడి డ్రైవరు చెవిన పడేలా అరవడం ఆవిడ రోజువారీ పని. డ్యూటీ దిగి, ఖాకీ చొక్కా కూడా మార్చుకోకుండా నేరుగా మైదానానికి వచ్చింది. కొడుకు గెలుస్తాడేమో చూద్దామనే వచ్చింది. చూసింది. అప్పట్నుంచీ ఒళ్ళు మండిపోతోంది.

గేటుకి "అందరి ఆటలు" అని బ్యానరు కట్టారు. చూపులేని పిల్లల కోసం గజ్జెలు కుట్టిన బంతి, వినబడని పిల్లల కోసం ఈల బదులు ఎర్రజెండా. ఏ పోటీలోనైనా అందరు పిల్లలూ కలిసే ఆడాలి. అంతవరకూ బాగానే ఉంది. చంకకర్రలతో నడిచే ఆవిడ కొడుకు చేతి కుస్తీకి పేరిచ్చాడు. బల్ల మీద మోచేతులు ఆనించి ఎదుటివాడి చేతిని పడగొట్టాలి, అంతే ఆట. ఫైనల్లో ఎదురుగా కూర్చున్నది బుల్డోజర్. స్కూలంతా వాణ్ణి అలాగే పిలుస్తుంది. తొమ్మిదో తరగతికే మాస్టారి చొక్కా వాడికి బిగుతు. అలాంటివాడి చెయ్యి పది లెక్కపెట్టేలోగా బల్లకు ఆనింది.

మీవాడు నిజంగానే గెలిచాడమ్మా, నేను పక్కనే నిలబడి చూశాను కదా అని మాస్టారు నచ్చజెప్పబోయాడు.

"పోయినేడు కూడా పక్కనే ఉన్నారు మీరు. పరుగుపందెంలో గీత ఇంకో పదడుగులుందనగా ముగ్గురు పిల్లలకీ ఒకేసారి షూ లేసులు ఊడిపోయాయి. అప్పుడూ మావాడికే ఫస్టు. ఆ మెడల్ వాడేం చేశాడో తెలుసా? బస్సు కిటికీలోంచి పారేశాడు."

మాస్టారి మొహం కందిపోయింది. పోయినేడు తప్పు తనదేనని, ఫొటోలు బాగా రావాలని పైవాళ్ళంటే తనే పిల్లలకు అలా చెప్పానని ఒప్పుకున్నాడు. ఈసారి మాత్రం ఎవరికీ ఏమీ చెప్పలేదని ఒట్టు పెట్టుకున్నాడు. ఆవిడ ఆ ఒట్టును చెవిన పెట్టలేదు. బుల్డోజర్ని పిలిపించింది.

"నిజం చెప్పు. నువ్వే చెయ్యి వదిలేశావు కదూ?"

"లేదాంటీ," అన్నాడు వాడు తల దించుకుని.

తల దించుకున్నాడంటే ఆవిడకు ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు. టికెట్టు కొనకుండానే కొన్నానని బుకాయించే మొహాల్ని పన్నెండేళ్ళుగా చూస్తోంది. వాళ్ళంతా ముందు నేలే చూస్తారు.

"జాలిపడ్డావన్నమాట," అంది. తర్వాత మాస్టారి వైపు, చుట్టూ మూగిన తల్లిదండ్రుల వైపు తిరిగింది. "మీ జాలి ఎవరడిగారు? నా కొడుకు ఓడిపోతే ఓడిపోతాడు. మీ పిల్లలు ఓడిపోవట్లా? వాడికి సరిగ్గా ఓడిపోయే రాత కూడా లేకుండా చేస్తారా?"

ఎవరో చప్పట్లు కొట్టారు. దాంతో ఆవిడకు మరింత ఊపొచ్చింది. మళ్ళీ పట్టాల్సిందే, ఇక్కడే, తన కళ్ళముందే, ఈసారి ఎవడూ వదలకూడదు అంది.

"ఇందాక కూడా నీ కళ్ళముందే పట్టాం కదమ్మా," అన్నాడు కొడుకు. అంతసేపూ వాడు కర్రల మీద ఆనుకుని పక్కనే నిలబడి ఉన్నాడు. ఆ సంగతి అందరూ మరిచిపోయారు.

"నువ్వూరుకో. వీళ్ళ సంగతి నీకు తెలీదు."

వాడు తల్లి మొహంలోకి చూశాడు. వాడి కళ్ళలో కోపం ఎర్రగా కనబడుతోంది. ఆ కోపం మాస్టారి మీదే అనుకుని ఆవిడ తృప్తిపడింది. వాడు కర్రలు గోడకు చేరేసి కుర్చీలో కూర్చున్నాడు.

బుల్డోజర్ ముక్కు తుడుచుకుని చొక్కా చెయ్యి పైకి మడిచాడు. ఇద్దరూ పట్టు బిగించారు. మాస్టారు మొదలుపెట్టమన్నాడు. రెండు లెక్కపెట్టేలోగా అయిపోయింది. కొడుకు చెయ్యి బల్ల మీద దభీమని పడింది. బుల్డోజర్ సంబరపడలేదు. తన అరచెయ్యి ఒకసారి చూసుకుని, వాడి వంక ఒకసారి చూసి, "ఏంట్రా ఇది" అని గొణిగి లేచిపోయాడు.

"చూశారా?" అంది కండక్టరమ్మ. కన్నకొడుకు ఓడిపోయినందుకు బాధగానే ఉన్నా, అంతకు మించిన నెమ్మది గుండెలో దిగింది. "ఇదీ పోటీ అంటే."

కప్పు బుల్డోజర్ చేతికి పోయింది. ఆవిడ తలెత్తుకుని గేటు దాకా నడిచింది. రోడ్డు మీదకు వచ్చాక కొడుకు భుజం మీద చెయ్యి వేసింది.

"బాధపడకు నాన్నా. ఎవడో జాలిపడితే గెలవడం కన్నా ఇది వెయ్యి రెట్లు నయం."

వాడు భుజం విదిలించుకున్నాడు.

"ఇందాక వాడు వదల్లేదమ్మా. ఇప్పుడు నేను వదిలేశాను. అంతమందిలో నీ మాట అబద్ధమైపోతుందని జాలేసింది."